పొగ చూరిన ఆకు

మొక్క పేరు మాత్రం అడక్కండి. పేపరు ఇంకా అచ్చు కాలేదు. అచ్చయ్యేదాకా పేరు బయటపెట్టకూడదన్నది మా ల్యాబు ఆనవాయితీ. పైగా అది నా మొక్క కాదు, ఏంజెలీనాది. నాదే అయితే ఈపాటికి పోర్ట్‌బ్లెయిర్ అంతా టముకు వేసి ఉండేదాన్ని.

మా పని చెప్పడానికి తేలికే. అడవి ఆకులు తెచ్చి, ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తాం. ఆ సారంలో యాంటీ ఆక్సిడెంట్ గుణం ఎంత ఉందో చూస్తాం. చూడడానికి డీపీపీహెచ్ అని ఒక రసాయనం ఉంది. దాని ద్రావణం నేరేడుపండు రంగులో ఉంటుంది. అందులో మన సారం కలిపి అరగంట చీకట్లో పెట్టాలి. సారంలో సత్తా ఉంటే ఆ ఊదారంగు విరిగిపోయి పసుపు తేలుతుంది. లేకపోతే నేరేడుపండు నేరేడుపండులాగే ఉండిపోతుంది. ఎంత విరిగిందో యంత్రం అంకెల్లో చెబుతుంది. ఎంత తక్కువ సారంతో విరిగితే ఆ మొక్క అంత గొప్పది.

నా బతుకులో నేరేడుపండ్లే ఎక్కువ.

నా పేరు సరోజిని. పుట్టిందీ పెరిగిందీ షాదీపూర్‌లోనే. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చి కలప పనుల్లో చేరారట. ఇప్పుడు మా చుట్టాల్లో ఒకడు ఓడ మీద ఇంజనీరు, ఒకతె నర్సు, నేను ఆకులు నానబెట్టుకునేదాన్ని. గోపినాథ్ సార్ ప్రాజెక్టు మొదలైననాటి నుంచీ ఆయన దగ్గర రీసెర్చ్ ఫెలోగా ఉన్నాను. ఆయనా ఇక్కడివారే, డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉంటారు. బుర్ర పాదరసం, ముక్కు మాత్రం ఏడాది పొడుగునా దిబ్బడ. ఏ సీసా ఏ అరలో ఉందో, ఏ పైపెట్ మొండికేస్తుందో ఆయనకు తెలియాలంటే నన్నే అడగాలి. ల్యాబులో ‘సరో’ అన్న పిలుపు వినిపించని పూట ఉండేది కాదు. అలాంటి చోటికి ఏంజెలీనా వచ్చింది.

రంగత్ ఊరి పిల్ల. అక్కడి బజారులో వాళ్ల నాన్న యేసురాజుకు హార్డ్‌వేర్ కొట్టు ఉంది. తెలుగు చర్చిలో పాటలు పాడుతుందట, గొంతు బాగుంటుంది. నవ్వు కూడా బాగుంటుంది. ఇవన్నీ ఒక మనిషిలో కనిపించినప్పుడే నాకు ఒళ్లు కాస్త వేడెక్కింది. అయినా పెద్దదాన్ని కదా, పైపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేనే నేర్పించాను. పాముకు పాలు పోశానని అనను. పాము అయితే బాగుండేది, కొట్టి పారేసేదాన్ని.

మొదటి సెలవులకు ఇంటికి వెళ్లి వస్తూ వస్తూ సంచీలో ఏవో ఎండుటాకులు పట్టుకొచ్చింది.

“ఎక్కడివి?” అని అడిగాను.

“మా పెరట్లో కంచె మీదకి వచ్చేస్తాయి దీదీ, జంగ్లీ మొక్కే. చిగుర్లు ఎర్రగా సుందర్‌గా ఉన్నాయని కోసేశాను. టెస్టింగ్ నేర్చుకోవాలి కదా, ఏదైతే ఏటి?”

సుందర్‌గా ఉన్నాయట! నేను పుస్తకాలు తిరగేసి, అటవీశాఖ అనుమతుల కోసం కాళ్లరిగేలా తిరిగి, జలగల చేత నెత్తురు తాగించి ఏరుకొచ్చిన మొక్కలు ఒక్కటీ గట్టిగా పసుపు తేలలేదు. ఈమె కంచె మీదది కోసుకొచ్చింది. సరే, నేర్చుకోవడానికే కదా అని సారం తీయడం దగ్గరుండి చూపించాను. డీపీపీహెచ్‌లో ఆ సారం కలుపుతూ “స్తోత్రం ప్రభువా” అనుకుంది. చీకటి పెట్టెలో పెట్టేలోపే ఊదారంగు పలచబడడం మొదలైంది. అరగంట తర్వాత తీస్తే లేత నిమ్మపండు.

గోపినాథ్ సార్ యంత్రంలో అంకె చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. విటమిన్ సి పక్కన నిలబడగల అంకె అది.

“కమాల్ కర్ దియా ఏంజెలీనా! కమాల్!” అన్నారు.

ఇన్నేళ్లలో నాకు ఆ మాట ఒక్కసారి రాలేదు. నాకు వచ్చినవన్నీ “ఠీక్ హై సరో, నెక్స్ట్” లు. నేను నూకాలమ్మకు మొక్కిన మొక్కులు లెక్కపెడితే ఆ తల్లికే సిగ్గేస్తుంది. ఈ పిల్ల ఒక్క స్తోత్రంతో నక్కతోక తొక్కేసింది.

అసూయ అంటారా? అసూయే. దానికి ముద్దుపేర్లు పెట్టే ఓపిక నాకు లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో అమ్మ పప్పులో పసుపు వేస్తుంటే కూడా నాకు కడుపులో మండేది. ల్యాబులో ‘సరో’ పిలుపులు తగ్గి ‘ఏంజెలీనా’ పిలుపులు పెరిగాయి. సీసా ఏ అరలో ఉందో అడగడానికి మాత్రం నేను. అంకె ఎంత వచ్చిందో అడగడానికి ఆమె. క్యాంటీన్‌లో ఆమె సమోసా తింటూ, “దీదీ, నువ్వు నేర్పకపోతే నాకు ఏటొచ్చును?” అనేది. అది పుండు మీద కారం. ఆ పిల్లకు తెలిసి అనేదా అంటే, తెలియకే. అందుకే ఇంకా మంట.

ఇలా నాలో నేను ఉడుకుతూ ఉంటే సరిపోయేది. కానీ ప్రాజెక్టు మొదటి దశ ముగింపుకు వచ్చింది. రెండో దశకు ఒక్క ఫెలో సీటే ఉందని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆ సీటు మీదే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకోవచ్చు. సమీక్ష మీటింగులో ఎవరి మొక్క ముందుకు వెళుతుందో, ఆ మనిషి పేరే గోపినాథ్ సార్ రాసి పంపుతారు. ఏంజెలీనాకు ఇంకా బోలెడు వయసుంది. నాకు ఈసారి తప్పితే వయోపరిమితి దాటిపోతుంది. డాక్టర్ సరోజిని అని తలుపు మీద బోర్డు పెట్టుకోవాలని నేను కాలేజీ రోజుల నుంచీ అనుకుంటున్నాను. ఆ బోర్డును ఇక కంచె మీది మొక్క మింగేయబోతోంది.

అలాంటప్పుడు ఒక వానరోజు, నమూనాల బీరువాలో చెమ్మ చేరిందేమోనని అన్ని కవర్లూ విప్పి చూస్తున్నాను. ఏంజెలీనా ఆకుల కవరు విప్పగానే నా చేయి ఆగిపోయింది.

అది ఆకు వాసన కాదు. కొబ్బరి డొక్కల పొగ వాసన.

ఆ వాసన మా దీవుల్లో పుట్టినవాళ్లకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఇక్కడ వానలు మొదలైతే నెలల తరబడి వదలవు. ఎండ మొహం చూడాలంటే పెట్టిపుట్టాలి. అందుకే పొయ్యి పైన కర్రలతో మచాను కట్టి, కింద కొబ్బరి డొక్కలు కాల్చి, ఆ వేడికీ పొగకూ కొబ్బరి ఆరబెడతారు. గోపినాథ్ సార్ ముక్కు సరిగా పనిచేసి ఉంటే కవరు మొదటిసారి విప్పిన రోజే పట్టేసేవారు. పాపం, ఆయనకు కర్పూరం కూడా వాసన రాదు.

పొగ వాసన వస్తే ఏమైంది అంటారా? చాలా అయింది. పొగలో ఫీనాల్స్ ఉంటాయి. అవి కూడా డీపీపీహెచ్ రంగును విరగ్గొడతాయి. అంటే ఆ పసుపు ఆకు పుణ్యం కాకపోవచ్చు, పొగ పుణ్యం కావచ్చు. కవరు మూసి, మొహాన నవ్వు రాకుండా పెదవులు బిగించుకుని, ఏంజెలీనాను పిలిచాను.

“ఏంజీ, ఈ ఆకులు ఎలా ఆరబెట్టావు?”

“నీడలో దీదీ. నువ్వు చెప్పినట్టే. ఎండలో బిల్కుల్ పెట్టలేదు.”

“నీడలో అంటే ఎక్కడ?”

“మా వంటింట్లో. మామ్మ మచాను మీద పరిచింది. వానలు చూశావు కదా, ఇంకెక్కడ ఆరతాయి? ఫ్యాన్ కింద వేద్దామంటే కరెంటు గుల్.”

“కింద పొయ్యి మండుతోందా?”

“పొయ్యి లేకపోతే ఎలా ఆరతాయి దీదీ?” అని కిలకిలా నవ్వింది.

ఇది మా దీవుల వాళ్లు తప్ప ఇంకొకరు చేయలేని తప్పు. మచాను ఇంటి కప్పు కింద ఉంటుంది, ఎండ తగలదు. కాబట్టి మాకు అది నీడే. ఎమ్మెస్సీ చదివినా ఇంటి అలవాటు కంటికి ఆనదు. నన్ను చిన్నప్పుడు అడిగినా నేనూ అదే చెప్పేదాన్ని. ఈ సంగతి నాకు తెలుసు. కానీ ఆ వేళ తెలుసుకోదలచుకోలేదు.

వెంటనే సార్ దగ్గరకు పరిగెత్తలేదు. ఆధారం లేకుండా చెబితే కుళ్లు అంటారు, ఆధారంతో చెబితే సైన్స్ అంటారు. ఆ పిల్లనే అడిగాను.

“మీటింగుకు ముందు ఇంకోసారి చేసి చూస్తే మంచిది. పచ్చి ఆకులు దొరుకుతాయా?”

“అరే, టెన్షన్ మత్ లో దీదీ. డాడీకి ఫోన్ కొడతాను, బస్సులో పంపించేస్తాడు.”

యేసురాజు గారు పంపించారు. తడి గోనెలో చుట్టిన ఆకులు, వాటితో పాటు ఒక పెద్ద పొట్లం ఎండుచేపలు. ‘సరోజిని మేడమ్ గారికి’ అని ఆ పొట్లం మీద ప్రత్యేకంగా రాసి ఉంది. మా అమ్మ కామమ్మ ఆ చేపలు వంకాయ వేసి పులుసు పెట్టింది. చాలా బాగుంది. అది కూడా నాకు నచ్చలేదు.

ఆకులు రెండు వాటాలు చేశాను. ఒకటి ల్యాబు ఓవెన్‌లో సన్నని వేడి మీద, పొగ సోకకుండా. రెండోది షాదీపూర్‌లో మా ఇంటి వెనక నీళ్లు కాచుకునే పొయ్యి మీద. అమ్మ డొక్కలు ఎగదోస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

“ఏటే ఇది? ఆకులకి పొగ ఎడతావేటి? పాగల్ అయిపోనావా?”

“పరీక్ష కోసమమ్మా. ఒకతె లెక్క తేల్చాలి.”

“ఎవుర్తె? ఆ సేపలు అంపిన పిల్లేనా?”

నేను మచాను మీది ఆకులు తిరగేశాను.

“దాని సేపలు తిని దానికే పొగ ఎడతన్నావన్నమాట. బాగుందమ్మా నీ సదువు,” అని లోపలికి పోయింది.

ఆ పొగలో దగ్గుతూనే ఇంకో పని కూడా చేశాను. నా మొక్కల్లో అన్నిటికన్నా చచ్చు మొక్క ఒకటుంది. ఏం చేసినా, ఎన్నిసార్లు చేసినా దాని ట్యూబు నేరేడుపండే. దాని ఆకులు కూడా తెచ్చి అదే పొయ్యి మీద పొగ పెట్టాను. ఆ మొండిది కూడా పసుపు తేలిందంటే, గొప్ప పొగదే, ఆకుది కాదు. చచ్చు మొక్క ఇన్నాళ్లకు నా పక్షాన సాక్ష్యం చెప్పబోతోందని చాలా మురిసిపోయాను.

సారాలు తయారయ్యాయి. ఏంజెలీనా భోజనానికి వెళ్లిన వేళ చూసి పరీక్ష పెట్టాను. మొదటి ట్యూబులో పొగ పెట్టిన నా చచ్చు మొక్క. రెండో దాంట్లో పొగ పెట్టిన ఏంజెలీనా ఆకు. మూడో దాంట్లో ఓవెన్‌లో ఆరిన ఏంజెలీనా ఆకు. మూడూ చీకటి పెట్టెలో పెట్టి, మూత మీద చేయి వేసుకుని కూర్చున్నాను. కన్నతల్లి కూడా ఉయ్యాల దగ్గర అంత కాపలా కాయదు.

అరగంటయ్యాక మొదటి ట్యూబు తీశాను. ఊదారంగు తగ్గి గోధుమరంగు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మొక్క రంగు మార్చడం అదే మొదలు. పొగ పని చేస్తోంది! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెండోది తీశాను, పసుపు. అది ఎలాగూ పసుపే. ఇక మూడోది మిగిలింది. అది ఊదాగా ఉంటే చాలు, సీటు నాది, పీహెచ్‌డీ నాది, తలుపు మీద బోర్డు నాది.

“ఊదాగా ఉండు తల్లీ, నీకు పుణ్యముంటుంది,” అని పైకే అన్నాను.

తీశాను. గడ్డిపోచ రంగు. రెండో దానికన్నా తేటగా, నిగనిగలాడుతూ ఉంది.

యంత్రంలో పెట్టి చూశాను. పొగ పట్టిన దానికన్నా పొగ పట్టని ఆకు అంకె ఇంకా బాగుంది. నా చచ్చు మొక్క అంకె చూస్తే పొగ చేసిన సాయం కొంచెమే. పొయ్యి వేడికి ఆకు తన సత్తా పోగొట్టుకున్నట్టుంది. పొగ ఇచ్చింది పిడికెడు, వేడి తీసుకుపోయింది గంపెడు. ఏంజెలీనా వాళ్ల మామ్మ ఆ ఆకును పాడు చేస్తేనే విటమిన్ సి పక్కన నిలబడింది. పాడు చేయకపోతే ఇంకా ముందుకే పోతుంది.

నమ్మలేదు. ఎలా నమ్ముతాను? మర్నాటి నుంచి రోజూ ఆ పిల్ల భోజనానికి వెళ్లిన వేళ చూసి మళ్లీ మొదలుపెట్టాను. కొత్తగా డీపీపీహెచ్ కలిపాను. గాజుసామాను మళ్లీ కడిగాను. ఆకుపచ్చదనం వల్ల యంత్రం మోసపోతోందేమోనని సారాన్ని ఒక్కదాన్నే పెట్టి ఆ రంగు లెక్క తీసేశాను. మోతాదు తగ్గించి చేశాను, పెంచి చేశాను. నా సొంత మొక్కలకు కూడా ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చేయలేదు. ప్రతిసారీ అదే ఫలితం. పచ్చి ఆకుల సంగతి ఏమైందని ఏంజెలీనా అడిగితే “ఇంకా చేస్తున్నాను” అన్నాను, అదీ నిజమే. ఆఖరి రోజు ట్యూబులు సింకులో పారబోస్తుంటే ఏడుపు వచ్చింది. ఏంజెలీనా అప్పుడే భోజనం చేసి వచ్చి, “దీదీ, మిథనాల్ కళ్లలో పడిందా?” అని తడిగుడ్డ తెచ్చిచ్చింది.

మీటింగు వారంలోకి వచ్చింది. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అబద్ధం చెప్పను. అబద్ధపు అంకెలు రాసేదాన్ని కాను, అది నా వల్ల కాదు. మొదటి ట్యూబు సంగతి మాత్రమే చెబుతాను. పొగ పెడితే చచ్చు మొక్క కూడా రంగు మార్చింది. అది నిజమే కదా? ఆ మాట విన్నవాళ్లు మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. వాళ్ల ఊహలకు నేను జవాబుదారీ కాదు.

మీటింగు రోజున విభాగం వాళ్లంతా కూర్చున్నారు. ఏంజెలీనా లేత నీలం చీర కట్టుకొచ్చింది. తన ఆకు గురించి చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. గోపినాథ్ సార్ ముక్కు తుడుచుకుంటూ, “ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?” అన్నారు.

లేచాను. “ఒకటుంది సార్. ఆ ఆకులు కొబ్బరి మచాను మీద ఆరబెట్టినవి. కింద డొక్కల పొయ్యి మండుతూ ఉంది.”

సార్ కళ్లజోడు సర్దుకున్నారు. “పొగా?”

“అవును సార్. నా మొక్కల్లో ఏ గుణమూ లేని దానికి అదే పొగ పెట్టి చూశాను. అది కూడా రంగు విరిచింది.” నా దగ్గరున్న అంకె చదివి వినిపించాను.

ఏంజెలీనా మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను అనుకున్నట్టే ప్రతి ఒక్కరూ తమంతట తామే ఊహించుకున్నారు. గోపినాథ్ సార్ చేతిలోని కాగితాలు బోర్లించారు. “అయితే ఈ ఆకులో ఏమీ లేదన్నమాట. బాగా పట్టుకున్నావు సరో,” అన్నారు. ఎన్నాళ్లకో ఆ పిలుపు. చెవుల్లో తేనె పోసినట్టయింది. అక్కడితో కూర్చుని ఉంటే ఈ కథ లేదు, నేను ఇవాళ వేరే చోట ఉండేదాన్ని.

కానీ ఏంజెలీనా లేచి నిలబడింది. కళ్లనీళ్లు బుగ్గల మీదుగా కారిపోతున్నా తుడుచుకోలేదు.

“దీదీ చెప్పింది సహీ సార్. మచాను మీదే పెట్టాం. పొగ సంగతి నాకు తోచలేదు. గల్తీ నాదే. నా మొక్క తీసేయండి. దీదీ ఇప్పుడు చెప్పకపోతే పేపర్లో తప్పు రాసేసేదాన్ని. థ్యాంక్యూ దీదీ.”

థ్యాంక్యూ అట. గోపినాథ్ సార్ మొహం మెత్తబడిపోయింది. “చూశారా? సైంటిస్టు అంటే ఇలా ఉండాలి,” అన్నారు అందరి వైపూ తిరిగి. “తన రిజల్ట్ పోతోందని తెలిసి కూడా ఒక్క సాకు చెప్పలేదు. ఈ నిజాయితీ నేర్పితే వచ్చేది కాదు.”

పక్కనున్న వాళ్లు తలలూపారు. ఒకావిడ లేచి వెళ్లి ఏంజెలీనా భుజం తట్టింది. నా కళ్లలో ఎవరో నిప్పులు పోసినట్టయింది. మొక్క విషయంలో నన్ను మించింది, సరే. నవ్వులో, గొంతులో మించింది, సరే. ఇప్పుడు ఓడిపోయి కూడా, అదీ నేను ఓడిస్తే, నిజాయితీలో కూడా నన్ను మించిపోతుందా? అంకెల దగ్గర నేనేనాడైనా అబద్ధమాడానా? ఆ ఒక్కటే కదా నాకు మిగిలింది, అది కూడా లాక్కుపోతుందా?

“ఉంది సార్!” అని అరిచాను.

సార్ ఉలిక్కిపడ్డారు. “ఏటి ఉంది?”

“ఆకులో గుణం ఉంది. పొగ చేసింది చాలా కొంచెం. పచ్చి ఆకులు తెప్పించి, పొగ సోకకుండా ఓవెన్‌లో ఆరబెట్టి చేశాను. ఆ అంకె ఇంకా బాగుంది. ఎన్నిసార్లు చేసినా అంతే. మచాను దాన్ని పాడు చేసింది గానీ బాగు చేయలేదు. ఇవిగో అన్నీ.”

బల్ల మీద కాగితాలు విసిరినంత పని చేశాను. సార్ ఒక్కొక్కటే చదివారు. చదువుతుంటే ఆయన పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి నా వైపు చూసి మెల్లగా అన్నారు.

“పొగది వేరు, రంగుది వేరు, వేడిది వేరు. అన్నీ విడదీసి చూశావు సరో. ఇక ఈ రిజల్టును ఎవ్వరూ కదపలేరు.”

నిజమే. కదపడానికి నేను పడిన పాట్లు ఇంకొకరు పడరు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నా విషయంలో అలా కూడా జరగలేదు. నేను గొయ్యి తీశాను, అందులో ఏంజెలీనా మొక్క నాటుకుంది.

రెండో దశకు ఏంజెలీనా పేరు వెళ్లింది. మొక్క ఆమెది, ఇంకెవరి పేరు వెళుతుంది? పేపర్లో నా పేరు ఆమె తర్వాత ఉంటుందన్నారు. నెలాఖరు వరకు నేను ల్యాబుకు రావచ్చట. గోపినాథ్ సార్ ఆ మాట చెబుతూ నా మొహం చూడలేకపోయారు. నేను “ఠీక్ హై సార్” అన్నాను. “నెక్స్ట్” అనలేదు, ఎందుకంటే నెక్స్ట్ ఏమీ లేదు.

మర్నాడు ట్యూబులు కడుగుతుంటే ఏంజెలీనా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. వచ్చి సింకు పక్కన నిలబడి ముక్కు ఎగబీలుస్తోంది. నాకు చిరాకేసింది.

“సీటు వచ్చింది కదా, ఇంకా ఏడుపేంటి?”

“డాడీ మస్తు ఖుషీగా ఉన్నాడు దీదీ. చర్చిలో కూడా చెప్పేశాడు. నాకే ఖుషీ అవ్వట్లేదు.”

“నా మీద జాలి పడుతున్నావా? అలాంటిదేమైనా ఉంటే బయటికి నడు.”

“జాలి కాదు దీదీ.” చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కిందికి చూసింది. “గుస్సా మత్ హోనా. జలన్ అవుతోంది. కుళ్లు.”

“ఎవరి మీద?”

“నీ మీదే. ఆకు నాది, మచాను మా మామ్మది, ఆ పొగలోనే పుట్టి పెరిగినదాన్ని. నాకు తోచలేదు. నీకెలా తోచింది? పనికిరాని మొక్కకి పొగ పెట్టి పక్కన నిలబెట్టాలని నీ దిమాగ్‌కి ఎలా వచ్చింది? సార్ నిన్నంతా నా ఆకు గురించి మాట్లాడలేదు దీదీ, నువ్వు చేసిన పద్ధతి గురించే మాట్లాడాడు. నేను పక్కనే కూర్చుని నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం నిన్ను కొరికెయ్యాలనిపించింది.”

నేను కుళాయి కట్టేశాను.

“నిజంగానా?”

“కసమ్ సే. సిగ్గుగా ఉంది చెప్పడానికి. రాత్రంతా ప్రార్థన చేశాను, అయినా పోలేదు.”

నెలాఖరుకు నాకు ఉద్యోగం లేదు. వయసు దాటిపోయింది. పీహెచ్‌డీకి నీళ్లొదులుకున్నట్టే. ఇంట్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఇన్నేళ్ల నా పనిని చూసి ఒక మనిషికి నిద్ర పట్టకపోవడం ఇదే మొదలు. చేతిలోని ట్యూబు స్టాండులో పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుని, మూలనున్న స్టూలు లాగి ఆమె ముందు వేశాను.

“కూర్చో,” అన్నాను. “మొదట్నుంచి చెప్పు.”